కూచిపూడి నేర్పే గురువు దృష్టిలో ఏ విద్యార్థి ప్రత్యేకంగా నిలుస్తారు?

ప్రశ్న: విద్యార్థిని, విజయవాడ

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను. మా తరగతిలో చక్కని కనుముక్కు తీరు ఉన్నవారు, ఒక్కసారి చూడగానే జతి (లయకు కట్టిన అడుగుల వరుస) పట్టేసేవారు చాలామంది ఉన్నారు. అయినా తరంగానికి (ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి చేసే నృత్యానికి) పళ్లెం ఎక్కించేటప్పుడు గానీ, సత్యభామ ప్రవేశ దరువు (పాత్ర రంగం మీదికి వచ్చేటప్పటి పాట) నేర్పేటప్పుడు గానీ, మా గురువుగారు మేమెవరమూ ఊహించని వారిని ముందుకు పిలుస్తుంటారు. ఆయనను నేరుగా అడిగేంత చనువు నాకు లేదు. నేర్పేవారు అసలు దేనిని చూస్తారో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరా?

సమాధానం: నాట్యాచార్యురాలు, హైదరాబాదు

అమ్మా, నందికేశ్వరుని నాట్యశాస్త్ర గ్రంథం అభినయదర్పణం పాత్రకు, అంటే నర్తకికి, పది ప్రాణాలు చెప్పింది: జవము (వేగం), స్థిరత్వము, రేఖ (అంగాల పొందిక), భ్రమరి (గిరగిర తిరగడం), దృష్టి, అశ్రమము (అలసట లేకపోవడం), మేధ, శ్రద్ధ, వచస్సు (మాట), గీతము. నర్తకి రూపాన్నీ వయసునూ ఆ గ్రంథం వేరేచోట ప్రస్తావించింది గానీ, ప్రాణాలుగా లెక్కించిన ఈ పదింటిలో వాటిని చేర్చలేదు. నేర్పడం మొదలుపెట్టిన తరువాతే ఆ ఎంపికలోని విజ్ఞత నాకు బోధపడింది.

వీటిలో నేను మొదట చూసేది శ్రద్ధ. ముందు వరుసలోని పిల్లకు మోచేయి జారిందని చెప్పినప్పుడు, వెనుక నిలబడి తన మోచేతిని కూడా ఒకసారి సరిచూసుకునే పిల్ల నా కంట పడకుండా ఉండదు. అటువంటి విద్యార్థికి తరగతిలో అందరికీ చెప్పిన దిద్దుబాట్లూ దక్కుతాయి. తన పేరు పెట్టి పిలిస్తే తప్ప వినని విద్యార్థికి ఎంత మేధ ఉన్నా తనకు చెప్పిన రెండు మాటలే మిగులుతాయి. పైగా, త్వరగా పట్టేసేవారు అంతే త్వరగా సాధన మానేయడం నేను తరచుగా చూస్తున్నాను. పోయిన వారం చెప్పిన దిద్దుబాటు ఈ వారం శరీరంలో కనిపిస్తే, ఆ విద్యార్థికి కొత్త అంశం నేర్పడానికి నాకు సందేహం ఉండదు.

సమాధానం: నట్టువాంగ కళాకారుడు, రాజమహేంద్రవరం

పై మాటలతో ఏకీభవిస్తూనే, తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించేవాడిగా ఒక విషయం చేర్చాలనిపిస్తోంది. చూసేవారు మూడో కాలంలోని (అన్నిటికన్నా త్వరిత నడకలోని) వేగానికి ముగ్ధులవుతారు గానీ, విద్యార్థి స్థాయి నాకు నిదానమైన మొదటి కాలంలోనే తెలిసిపోతుంది, ఎందుకంటే అక్కడ రెండు దెబ్బల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది కనుక అర్ధమండలి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమ) లేచిపోవడమూ, తొందరపడి అడుగు ముందే పడటమూ దాచలేరు. పళ్లెం మీద నిలబడి దాని అంచులను పాదాలతో పట్టి లయలో కదిలించాలంటే ఆ నిదానమే ఆధారం. అయిదు అక్షరాల ఖండ జాతిలో లెక్క తప్పినా, కంగారుపడి గబగబా అడుగులు వేయకుండా సొల్లుకట్టు (నోటితో పలికే లయ అక్షరాలు) విని తరువాతి తాళావర్తనంలో సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, చేరుకోగలిగిన వారిని నేను ఎంతో గౌరవిస్తాను.

సమాధానం: కూచిపూడి ఉపాధ్యాయిని, డాలస్

ఇక్కడ ఇంట్లో తెలుగు వినిపించని పిల్లలకు కూడా నేర్పుతున్నందువల్ల, నేను వచస్సును, గీతమును ముందుగా గమనిస్తాను. కూచిపూడిలో పాత్ర స్వయంగా మాట్లాడుతుంది కాబట్టి, దరువులోని ప్రతి మాటకూ అర్థం అడిగి, దాన్ని తన నోటితో పలికి చూసుకునే విద్యార్థి అభినయం వేరుగా ఉంటుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు పురుషుడై ఉండి సత్యభామగా అంతటి కీర్తి పొందారంటే, ఆ పాత్ర స్వభావాన్నీ మాటనూ నడకనూ తనవిగా చేసుకోవడమే కారణమని నా నమ్మకం. కనుముక్కు తీరు గురించి మీరు బెంగ పెట్టుకోనవసరం లేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. నేను వెనుక వరుసలో నిలబడతాను. అర్థాలు అడిగితే పాఠానికి అడ్డు తగిలినట్లు అవుతుందేమోనని సంకోచిస్తున్నాను.

సమాధానం: నాట్యాచార్యురాలు, హైదరాబాదు

తట్టుకర్ర (తాళం కొట్టే కర్ర) దెబ్బకు ఏ పాదం ఆలస్యంగా పడిందో వెనుక వరుస నుంచి కూడా మాకు వినిపిస్తుందమ్మా. జతి నడుస్తుండగా మాత్రం ప్రశ్నలు వద్దు. తరగతి ముగిసి గురువుగారికి నమస్కరించేటప్పుడు, ఈ వారం దేని మీద ఎక్కువ సాధన చేయమంటారని ఒక్కటే అడిగి, ఆయన చెప్పినదాన్ని వచ్చే తరగతికి చేసి చూపించండి.