స్విఫ్ట్ హెడ్‌లైట్ లోపల క్రోమ్‌ని బ్లాక్ చేయాలి, ఇంట్లోనే అవుద్దా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే అండి. నాది 2013 స్విఫ్ట్ డీజిల్, తెల్లది, ఉండేది రాజమండ్రి. బండి కండిషన్ బానే ఉంది గానీ ముందు నుంచి చూస్తే ముసలి బండిలా కనపడతంది, హెడ్‌లైట్ అద్దం కాస్త పసుపెక్కింది, లోపల క్రోమ్ అంతా వెండి కంచంలా మెరుస్తా ఉంటది, నాకు అది నచ్చట్లేదు. లోపల నల్లగా ఉండి బల్బు ఉన్న చోటు మాత్రమే మెరిసేలా చేస్తారు కదా, అలా కావాలి. ఇక్కడ ఒక యాక్సెసరీస్ షాపులో అడిగితే పైన స్మోక్ ఫిల్మ్ వేసేస్తా, అరగంటలో పని అయిపోద్ది అన్నాడు. నాకేమో ఇంట్లో నేనే చేసుకోవాలని. హీట్ గన్ మా బావమరిది దగ్గరుంది. ఎవరైనా చేసినోళ్ళుంటే కాస్త చెప్పండి.

మాస్_మైలేజ్:
స్మోక్ ఫిల్మ్ వేయించెయ్ గురూ, ఎందుకీ గోలంతా. నచ్చకపోతే పీకెయ్యొచ్చు కూడా. లుక్ మాత్రం కేక.

రాత్రిబండి:
గురూ లుక్ కేకే, కాకపోతే రాత్రి హైవే ఎక్కాక కేక పెట్టేది నువ్వే 😂 హాలోజెన్ లైట్లకి వెలుగు అసలే అంతంతమాత్రం, దానికి నల్ల కళ్ళజోడు పెడితే ఇంకేం కనపడుద్ది. తమ్ముడూ, ఫిల్మ్ జోలికి పోకు, పైన స్ప్రే కూడా వద్దు. నీకు కావాల్సిన లుక్ అద్దం మీద లేదు, లోపల ఉన్న ఫ్రేమ్‌లో ఉంది. బల్బు వెనకాల గిన్నెలా ఉండేది రిఫ్లెక్టర్, దాని చుట్టూ అలంకారానికి పెట్టిన క్రోమ్ ముక్క ఫ్రేమ్. ఫ్రేమ్‌ని ఎంత నల్లగా చేసినా లో బీమ్‌కి (దగ్గర్లో కిందకి పడే వెలుగు), హై బీమ్‌కి (దూరానికి పడే వెలుగు) ఏం కాదు, రిఫ్లెక్టర్ మీద మాత్రం వేలు కూడా పెట్టకు. అది ప్లాస్టిక్ మీద గాలికన్నా పల్చగా పట్టించిన అల్యూమినియం, దుమ్ము ఉంది కదా అని గుడ్డతో తుడిస్తే మెరుపు గుడ్డకి వచ్చేస్తది. బ్లోయర్‌తో గాలి కొట్టి వదిలెయ్యడమే.

ఇక పని. నీ మోడల్‌లో బంపర్ లూజ్ చెయ్యకుండా లైట్ బయటకి రాదు, అది ముందే చెప్తున్నా, కింద క్లిప్పులు పాతబడి పుటుక్కున విరుగుతాయి కాబట్టి కొత్త క్లిప్పులు కొన్ని కొనిపెట్టుకో. బండి విప్పకముందే ఒక పని చెయ్, సాయంత్రం చీకటి పడ్డాక సమతలంగా ఉన్న చోట గోడకి 5 మీటర్ల దూరంలో పెట్టి లో బీమ్ వేసి వెలుగు ఎక్కడ కట్ అవుతుందో గోడ మీద మాస్కింగ్ టేప్ అతికించు. బండి నిలబెట్టిన చోటు కూడా సుద్దముక్కతో గీసుకో. తిరిగి బిగించాక వెలుగు మళ్ళీ ఆ టేప్ మీదకే రావాలి. ఈ పని ఎవడూ చెయ్యడు, తర్వాత నెలల తరబడి ఎదుటోడి చేత తిట్లు తింటారు.

లైట్ బయటకి తీశాక బల్బులు, వెనక రబ్బరు కవరు, ఎత్తు సర్దే మోటార్ ఉంటే అదీ తీసెయ్. అంచున ఉన్న స్క్రూలు, క్లిప్పులు మర్చిపోయి లాగితే అద్దం చెవులు విరుగుతాయి. ఇప్పుడు అంచులో జిగురు చూడు. నల్లగా మెత్తగా వేలికి అంటుకునేలా ఉంటే అది బ్యుటైల్ అనే రబ్బరు జిగురు, వేడికి మెత్తబడుతుంది, చెయ్యొచ్చు. గోరు దిగకుండా గట్టిగా ఉంటే ఆపేసి తిరిగి బిగించెయ్, అది వేడికి లొంగదు, కోసి తియ్యాలి, ఇంట్లో పని కాదు.

వేడికి మనిళ్ళల్లో ఓవెన్ సరిపోదు కాబట్టి పెద్ద అట్టపెట్టెలో లైట్ పెట్టి పక్కన చిల్లు చేసి హీట్ గన్ తక్కువ మీద ఊదు. లోపల 90 నుంచి 100 డిగ్రీలు చాలు, వంటింటి థర్మామీటర్ ఒకటి గుచ్చిపెట్టు. గన్ మూతి ప్లాస్టిక్ దగ్గరకి పోకూడదు, అట్టకీ తగలకూడదు, పక్కనే ఉండు, వదిలేసి టీకి పోకు. జిగురు మెత్తబడ్డాక మూల నుంచి నెమ్మదిగా ప్లాస్టిక్ పట్టీతో విప్పుకుంటూ రా, జిగురు తీగలు తీగలుగా సాగుతది, ఆ తీగ రిఫ్లెక్టర్ మీద పడనీకు.

గోదారిగట్టు:
అన్నా మీరు చెప్పేది చదువుతుంటే సగం పని అయిపోయినట్టే ఉందండి. రెండు డౌట్లు. పెయింట్ ఏది కొట్టాలి? రెండోది, మా బావ దుబాయ్ నుంచి వచ్చే నెల వస్తన్నాడు, అక్కడ ప్రొజెక్టర్ (బల్బు ముందు గుండ్రటి లెన్సు) ఉన్న రెడీమేడ్ లైట్ల సెట్టు దొరుకుద్ది, తెచ్చేస్తా అంటన్నాడు. అది పెట్టేస్తే ఈ విప్పుడు గొడవ ఉండదు కదా?

కరీంనగర్ కారోడు:
అన్నా దుబాయ్ సెట్టు అస్సలు తేవొద్దు. గాడ బండ్లు రోడ్డుకి కుడి దిక్కు నడుస్తయి, మన దగ్గర ఎడమ దిక్కు. లో బీమ్‌ల ఒక పక్క వెలుగు కొంచెం పైకి లేస్తది సూడు, అంచున నడిచేటోళ్ళు, బోర్డులు కనపడాలని. మన లైట్లల్ల అది ఎడమకి లేస్తది, దుబాయ్ లైట్లల్ల కుడికి లేస్తది, అంటే సీదా ఎదురుంగ వచ్చేటోని కండ్లల్లకి. ఎంత కిందకి సర్దినా పోదు. గిదొక్కటే కాదు, ఆన్‌లైన్‌ల దొరికే సెట్లు గూడ ఎక్కువ గట్లనే ఉంటయి, కొనేటప్పుడు ఎడమ దిక్కు నడిచే దేశానికి చేసిందా అని అడగాలె.

ఇంకో ముచ్చట. లోపల ఫ్రేమ్‌కి రంగేస్తే ఎవ్వడు అడగడు గని బల్బులు మార్చుడు, ప్రొజెక్టర్ పెట్టుడు, ముందట ఎర్ర లైట్ల దయ్యం కండ్లు పెట్టుడు వేరే లెక్క. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగ బండి మార్చొద్దు, 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ అదే చెప్పింది. అదే ఏడు చట్టం సవరించినంక ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5 వేలు ఫైన్ లేకుంటే 6 నెలల దాక జైలు అని సెక్షన్ 182ఏల రాసిండ్రు. నీది 2013 బండి, 2028ల ఆర్సీ రెన్యువల్‌కి పోవాలె, గాడ లైట్లు చూస్తరు. మన అసొంటి మామూలు బండ్లకి ముందటికి ఎర్ర లైట్ అయితే రూల్‌ల లేదు.

మాస్_మైలేజ్:
సరే ఫిల్మ్ మాట వెనక్కి తీసుకున్నా. ఎల్‌ఈడీ బల్బు వేస్తే? మొన్న మా కొలీగ్ బండిలో వేయించాడు, పగల్లా ఉంది.

రాత్రిబండి:
లోపల కూర్చున్నోడికి పగల్లానే ఉంటది, ఎదుటోడిని అడుగు. ఈ స్విఫ్ట్‌లో ఉండేది హెచ్4 రకం బల్బు, హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లు. దాంట్లో లో బీమ్ తీగ కింద చిన్న రేకు గిన్నె ఉంటది, బల్బు పట్టుకుని చూస్తే కనపడుద్ది, కిందకి పోయే వెలుగుని అదే ఆపి కట్ ఇస్తుంది. రిఫ్లెక్టర్‌ని ఆ తీగ సరిగ్గా ఎక్కడ ఉంటదో దాని లెక్కకే చేశారు. ఎల్‌ఈడీలో చిప్పు ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ అయినా వెలుగు చెల్లాచెదరు. 100/90 హాలోజెన్ వేస్తా అని ఎవరైనా అంటే అదీ వద్దు, 12 వోల్టులకి 60 వాట్లంటే 5 ఆంపియర్లు, 100 అంటే 8 పైన, సన్నటి వైరు, కనెక్టరు తట్టుకోలేక కరుగుతాయి.

తమ్ముడూ పెయింట్ సంగతి. ఫ్రేమ్ విడిగా వస్తే మంచిదే, రిఫ్లెక్టర్‌తో కలిసి ఉంటే గిన్నె మొత్తం మాస్కింగ్ టేప్, కాగితంతో మూసెయ్. క్రోమ్ మీద రంగు నేరుగా నిలవదు, 600 నంబర్ నీళ్ళ కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెరుపు పోయేదాకా రుద్ది, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక ప్లాస్టిక్ ప్రైమర్, దాని మీద మ్యాట్ బ్లాక్ పల్చగా మూడు నాలుగు కోట్లు. బల్బు చుట్టుపక్కల చాలా వేడి, అక్కడికి ఇంజిన్ ఎనామిల్ లాంటి వేడి తట్టుకునే రంగు వాడు. ఆరిందని వెంటనే మూసెయ్యకు, ఎండలో కొన్ని రోజులు పెట్టు. పచ్చి పెయింట్ ఆవిరి అద్దం లోపల తెల్లగా పొరలా పట్టేసి మళ్ళీ విప్పాల్సొస్తది.

మూసేటప్పుడు పాత జిగురు గాడిలోంచి గీకేసి కొత్త బ్యుటైల్ తాడు వేసి వేడి చేసి క్లాంపులతో నొక్కు. వెనక చిన్న గాలి గొట్టాలు ఉంటాయి, నీళ్ళు పోతాయేమో అని వాటిని మూసేస్తారు కొందరు, అలా చేస్తే లోపల తేమ బయటకి పోక వానాకాలమంతా మంచు పట్టినట్టుంటది.

గోదారిగట్టు:
దండం అన్నా 🙏 దుబాయ్ సెట్టు వద్దని బావకి చెప్పేశా, అలిగాడు. పసుపెక్కిన అద్దానికి టూత్‌పేస్ట్ పనిచేస్తదా?

కరీంనగర్ కారోడు:
నెల రోజులు చేస్తది, తర్వాత మళ్ళ పసుపే. ఎండకి మీదున్న రక్షణ పొర పోయింది, గదే కారణం. నీళ్ళు కొట్టుకుంట 800, 1500, 2000, 3000 కాగితాలతోని రుద్ది పాలిష్ చేసి, మీద యూవీ క్లియర్ కోట్ కొట్టాలె. లైట్ విప్పినప్పుడే చెయ్యి, మళ్ళ బంపర్ తీసే పని ఉండదు.