అప్‌డేట్: హైదరాబాద్‌లో ఏ ఏరియా అని అడిగాను కదా, కేపీహెచ్‌బీ (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు) కాలనీలో దిగాం

విజయవాడ నుంచి మారుతున్నాం, నా ఆఫీసు రాయదుర్గంలో, ఇద్దరు చిన్నపిల్లలు, మా అత్తయ్యగారు కూడా మాతోనే, నల్లగండ్ల, కేపీహెచ్‌బీల్లో ఏది మంచిదని అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్ అండి.

నల్లగండ్ల ప్రశాంతంగా ఉంది, పక్కనే లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా ఉంది, కానీ మేం చూసిన ఇళ్ల దగ్గర ప్రతిదానికీ బండి తీయాల్సిందే. ఇక్కడైతే హౌసింగ్ బోర్డు వాళ్లు ఫేజులుగా వేసిన కాలనీ, మా ఇంటికి పార్కు, గుడి, మెడికల్ షాపు, టిఫిన్ సెంటర్ అన్నీ నడిచే దూరంలోనే, పైగా చుట్టూ మన జిల్లాలవాళ్లు చాలామంది, అత్తయ్యగారికి అప్పుడే కబుర్లకి మనుషులు దొరికారు, నాకు అన్నిటికన్నా అదే సంతోషం. ఆఫీసుకి మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి బ్లూ లైన్ మారాలి. చుట్టే, అయినా ట్రాఫిక్‌లో టెన్షన్ పడేకంటే నయం.

ఎండాకాలం నీళ్ల సంగతి ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగమన్న సలహా మాత్రం బంగారం. ఒకచోట ఓనర్ 24 గంటలూ నీళ్లే అన్నారు, వాచ్‌మన్ ఏప్రిల్ నుంచి ట్యాంకరే అన్నాడు, వదిలేశాం. పార్కింగ్ ఇబ్బందే, కారున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందే తేల్చుకోండి. స్కూలు ఇంకా ఖరారు కాలేదు, బస్సు ఎక్కించకుండా నడిపించి దింపగలిగేదే చూస్తున్నాం.