అప్‌డేట్: నాన్న పిత్తనాళంలో రాయి, ఈఆర్‌సీపీ అయింది

నాన్నకి కామెర్లు వచ్చాయి, స్కాన్‌లో పిత్తనాళం ఉబ్బి ఉంది కానీ రాయి కనపడలేదు, నేరుగా ఈఆర్‌సీపీ (నోట్లోంచి ఎండోస్కోప్, అంటే కెమెరా గొట్టం, పంపి పిత్తనాళంలో రాయి తీసే పద్ధతి) చేయించాలా, ముందు ఎంఆర్‌సీపీనా (పిత్తనాళాల్ని చూపే ఎంఆర్‌ఐ స్కాన్) అని ఇంతకుముందు అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు ఎంఆర్‌సీపీ" అన్న మాటే డాక్టర్‌గారూ అన్నారు. అందులోనూ స్పష్టంగా తేలలేదు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు దానికి చిక్కకపోవచ్చట. అందుకని ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేశారు. గొట్టం చివర చిన్న స్కానర్ ఉంటుంది. పేగులోంచి నాళాన్ని పక్కనే ఉండి చూస్తుంది కాబట్టి రాయి దొరికిపోయింది. ఆ తర్వాతే ఈఆర్‌సీపీ. ఈ వరస నాకు నచ్చింది. ఈఆర్‌సీపీ వల్ల క్లోమం వాచే ప్రమాదం ఉంది, ఊరికే చూడటానికి చేయించుకునేది కాదది.

నోట్లోంచి ఎండోస్కోప్ పంపి, నాళం పేగులోకి తెరుచుకునే చోట చిన్న కోత పెట్టి, బెలూన్‌తో రాయిని లాగేశారు. పొట్ట మీద ఒక్క గాటు లేదు. క్లోమం వాపు రాకుండా మలద్వారంలో మందు పెట్టారు (నాన్న గొణుగుడంతా దాని గురించే). రాత్రి కొంచెం కడుపునొప్పి వస్తే టెన్షన్ పడ్డాం, కానీ లైపేజ్ (క్లోమం వాస్తే రక్తంలో పెరిగే ఎంజైమ్) మామూలుగానే ఉంది.

నాళంలో ఇంకా మడ్డి ఉండొచ్చని ప్లాస్టిక్ స్టెంట్ (నాళం తెరుచుకుని ఉండేలా పెట్టే చిన్న గొట్టం) వేశారు. 3 నెలల్లోపు తీయించాలి, వదిలేస్తే మూసుకుపోయి ఇన్ఫెక్షన్ రావచ్చు. చలిజ్వరం వస్తే మాత్రం ఆగకుండా రమ్మన్నారు. పిత్తాశయంలో రాళ్లు అలాగే ఉన్నాయి కాబట్టి ల్యాప్రోస్కోపీతో దాన్ని తీయించడం మిగిలింది. బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) తగ్గుతోంది, కళ్ల పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.