450 గంటల సెస్నా 172ఎన్ మేలా, 1,500 గంటల చెరొకీ 180 మేలా?

వీకెండ్‌వింగ్: డాలస్‌లో ఉంటాం. మేమిద్దరం, పిల్లలిద్దరు. వారాంతాల్లో ఆస్టిన్, గాల్వెస్టన్ దాకా సరదాగా ఎగిరి రావడానికే విమానం. రెండు చూశాను. 1978 సెస్నా 172ఎన్: ఇంజిన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) 2006లో, ఆ తర్వాత 450 గంటలే. గత అయిదేళ్ళలో 40 గంటలకు మించి తిరగలేదు. 1972 పైపర్ చెరొకీ 180: ఓవర్‌హాల్ తర్వాత 1,500 గంటలు, వారం వారం ఎగురుతోంది. ధర ఇంచుమించు ఒకటే. నా మొగ్గు 172 వైపే. ఏమంటారు?

హైవింగ్: 172 కళ్ళు మూసుకుని తీసుకోండి. రెండు వైపులా తలుపులు. ఫ్యూయల్ సెలెక్టర్ (ఇంధనం ఏ ట్యాంకు నుంచి రావాలో ఎంచుకునే మీట) ‘బోత్’ మీద పెడితే చాలు, రెండు ట్యాంకుల నుంచీ వస్తుంది. చెరొకీలో ఆ స్థానమే లేదు, అరగంటకోసారి ట్యాంకు మార్చుకోవాలి. మరిచారో, రెండో ట్యాంకు నిండుగా ఉండగానే ఇంజిన్ ఆగిపోతుంది. పైగా టీబీఓ (రెండు ఓవర్‌హాళ్ళ మధ్య తయారీదారు సూచించే గడువు) 2,000 గంటలు, ఇంకా 1,550 చేతిలో ఉన్నాయి.

రెంచి: ఆ 1,550 కాగితం మీదే ఉన్నాయన్నా. ఈ లైకమింగ్ కంపెనీ ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిపించే కడ్డీ) క్రాంక్‌షాఫ్ట్‌కి (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసుకి) పైన ఉంటుంది. నెలల తరబడి నిలబెడితే ఆయిల్ కిందికి జారిపోయి కామ్ పొడిబారుతుంది, తేమకి తుప్పు పడుతుంది. మళ్ళీ స్టార్ట్ చేశాక ఆ తుప్పు గుంటలే టాపెట్ (కామ్ మీద ఆని వాల్వుని కదిలించే భాగం) ముఖాన్ని చెక్కేస్తాయి. అందుకే లైకమింగ్ గంటలతో పాటు 12 ఏళ్ళ గడువు కూడా పెట్టింది. సొంతానికి ఎగిరేవాళ్ళకి అది తప్పనిసరి కాదు, కానీ ఊరికే పెట్టలేదు. అందులోనూ ఇది ఓ-320-హెచ్2ఏడీ, కామ్ అరుగుదలకి పేరుమోసిన ఇంజిన్. ఎల్‌డబ్ల్యూ-16702 అడిటివ్ వాడి తీరాలని దీనిమీద ఏడీయే (విమానయాన శాఖ తప్పనిసరి భద్రతా ఆదేశం) ఉంది.

హైవింగ్: హెచ్2ఏడీ అనగానే అందరూ ఇదే పాట. రోజూ తిప్పే ఫ్లయింగ్ స్కూళ్ళలో అవి టీబీఓ దాకా నిక్షేపంగా నడిచాయి.

రెంచి: రోజూ తిరిగినవి నడిచాయి. ఇది అయిదేళ్ళు హ్యాంగర్‌లో పడుకుంది, గొడవంతా అక్కడే.

లోవింగ్180: బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. 172ఎన్ గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు. ఖాళీ బరువు 1,450 అనుకుంటే మిగిలేది 850. వాడదగ్గ 40 గ్యాలన్లు నింపితే, గ్యాలన్‌కి 6 చొప్పున 240 పోయి మనుషులకీ సామానుకీ 610. చెరొకీ 180 అయితే 2,400లో ఖాళీ బరువు 1,390, 50 గ్యాలన్లకి 300 పోగా 710. ఇప్పుడు పిల్లలతో రెండూ సరిపోతాయి. ఎండాకాలం ఇండియా నుంచి అత్తామామలు వచ్చి, నలుగురు పెద్దవాళ్ళు సూట్‌కేసులతో ఎక్కితే 172లో ఇంధనం తగ్గించక తప్పదు. ఇవి ఉజ్జాయింపు అంకెలు. ఆ విమానాల వెయిట్ అండ్ బ్యాలెన్స్ షీట్లు తెప్పించి లెక్క మళ్ళీ వేయండి.

వీకెండ్‌వింగ్: 172 అమ్మే ఆయన నాలుగు సిలిండర్లూ 76/80 కంప్రెషన్ (80 ఒత్తిడితో గాలి పంపితే సిలిండర్‌లో 76 నిలిచింది) చూపించారు. అది చాలదా అండీ?

రెంచి: చాలదు. కంప్రెషన్ రింగులు, వాల్వుల సంగతి చెబుతుంది, కామ్ సంగతి చెప్పదు. ఆయిల్ ఫిల్టర్ కోయించి, మడతలు విప్పి, అయస్కాంతం ఆడించండి. ఇనుప పొలుసులు అంటుకుంటే అక్కడితో వదిలేయండి. ఏమీ లేకపోయినా ఆగకండి: హెచ్2ఏడీలో క్రాంక్‌కేస్ విప్పకుండానే టాపెట్లు బయటికి తీయొచ్చు, తీయించి ముఖం మీద గుంటలున్నాయేమో చూడండి. చెరొకీ ఇంజిన్ ఓ-360లో ఆ వీల్లేదు, సిలిండర్ ఊడదీయాలి. దానికి ఒప్పుకునే యజమాని అరుదు, కాబట్టి వరుసగా నాలుగైదు ఆయిల్ ఎనాలిసిస్ రిపోర్టులు (ఆయిల్‌లో అరుగుదల లోహం ఎంతుందో చెప్పేవి) అడగండి.

హైవింగ్: చెరొకీకీ తలనొప్పులున్నాయి కదా, అవి దాచేస్తే ఎలా?

రెంచి: దాచడమెందుకు? రెక్కల మెయిన్ స్పార్ (బరువు మోసే ప్రధాన దూలం) తుప్పు తనిఖీ చేసినట్టు లాగ్‌బుక్‌లో ఉందో లేదో చూడాలి. 172లో సీట్ రైల్ ఏడీ ఉంది: సీటుని పట్టి ఉంచే పిన్ను దిగే రంధ్రాలు అరిగి కోలగా సాగితే టేకాఫ్‌లో సీటు గభాలున వెనక్కి జారుతుంది. ఏది కొన్నా ప్రీబై (కొనే ముందు తనిఖీ) ఇప్పటిదాకా ఆ విమానానికి యాన్యువల్ (ఏటా చేసే తనిఖీ) చేసిన మెకానిక్‌తో చేయించొద్దు.

వీకెండ్‌వింగ్: టాపెట్లు తీయనివ్వనంటున్నారు ఆయన.

రెంచి: అయితే ఆ ఇంజిన్‌ని అయిపోయినదాని కిందే లెక్కేసి, ఓవర్‌హాల్ ఖర్చు ధరలోంచి తీసేసి బేరమాడండి. 30 వేల డాలర్లకు పైమాటే.

హైవింగ్: అంత తగ్గిస్తే ఎవరమ్ముతారు బాసూ!

లోవింగ్180: అమ్మకపోతే ఆయన హ్యాంగర్‌లోనే ఉంటుంది. చెరొకీకైనా 500 గంటల్లో ఓవర్‌హాల్ రావచ్చు, ఆ డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టుకోండి.