బ్యాక్‌ప్యాక్ బరువంతా భుజాల మీదే, ఏం చేయాలి?

సైన్యంలో అగ్నివీర్ విమెన్ మిలిటరీ పోలీస్ ఉద్యోగానికి సిద్ధమయ్యే అమ్మాయిలు బ్యాగుతో నడిస్తే భుజాలు కోసుకుపోతున్నాయి, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. బరువు తగ్గించాలా, బ్యాగు మార్చాలా?

— ముందు బ్యాగు వీపు పొడవు చూడండి. మగవాళ్ల కొలతదైతే నడుము బెల్టు తుంటి ఎముక దిగి పిరుదుల మీద కూర్చుంటుంది, బరువంతా భుజాలకే. పట్టీలన్నీ వదులు చేసి, బెల్టును తుంటి ఎముక పైఅంచు మీద పెట్టి ముందు దాన్నే బిగించండి. తర్వాతే భుజం పట్టీలు. చివర ఛాతీ పట్టీ, అదీ రొమ్ముల పైభాగాన. తిమ్మిరి అంటే పట్టీ చంక దగ్గర నరాన్ని నొక్కుతుండొచ్చు. బరువైనవి వీపుకు ఆనించి సర్దండి.

— అసలు భర్తీ ర్యాలీ పరీక్షల్లో బ్యాగు లేదు కదమ్మా! 8 నిమిషాల్లోపు 1.6 కి.మీ. పరుగు, 10 అడుగుల లాంగ్ జంప్, 3 అడుగుల హై జంప్, అంతే. బ్యాగు నడక వారానికోసారి చాలు, ఒంటి బరువులో పదో వంతుతో మొదలుపెట్టండి. బ్యాగుతో పరుగెత్తొద్దు.

— ఒక్కటి మర్చిపోయారు. మోకాలి కింద ముందు ఎముకను వేలితో నొక్కినప్పుడు ఒకేచోట పొడిచినట్టుంటే అది కండరాల నొప్పి కాకపోవచ్చు, ఎముకలో సన్నని పగులు కావచ్చు. సైనిక శిక్షణలో ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి. తొలి రోజుల్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎమ్మారై అడగండి. నెలసరి తప్పుతుంటే తిండి చాలట్లేదేమో కూడా చూడాలి.