మొదటి కారు రేసు ఏదండీ?

ప్రశ్న: ఒకచోట 1894 పారిస్–రూవాన్ అంటారు, ఇంకోచోట 1895 పారిస్–బోర్డో–పారిస్. ఏది నమ్మాలి?

జవాబు: నా ఓటు 1895కే. 1894లో వేగమొక్కటే లెక్క కాదు. అందరికన్నా ముందు చేరింది ద డియోన్ అనే ఆయన ఆవిరి బండి. కొలిమి చూసుకోడానికి ఇంకో మనిషి కావాలని మొదటి బహుమతి ఇవ్వలేదు!

మరొకరు: 1895లోనూ అదే తంతు కదా. లెవాసోర్ అనే డ్రైవరు 1,178 కిలోమీటర్లు దాదాపు 49 గంటల్లో లాగించాడు. స్టీరింగు చక్రం కూడా లేదు, చేత్తో కడ్డీ తిప్పడమే. పాపం, రెండు సీట్ల బండని మొదటి బహుమతి నాలుగు సీట్ల ప్యూజో కారుకి పోయింది.

ప్రశ్న వేసినవారు: అయ్యో! మరి రేసులు రోడ్లు వదిలి ట్రాకుల మీదికి ఎప్పుడొచ్చాయి?

జవాబు: 1903 పారిస్–మాడ్రిడ్ రోడ్డు రేసులో చూడ్డానికొచ్చినవాళ్లు కూడా చనిపోయారు. రేసును బోర్డోలోనే ఆపేశారు. ఆ తర్వాత ఇంగ్లండులో రేసుల కోసమే కట్టిన బ్రూక్‌లాండ్స్ ట్రాకు 1907లో తెరిచారు.