పెరటికి చెక్క కంచె: రాటలు దేనివి వేయాలి, పలకలు ఎలా కొట్టించాలి?

ప్రశ్న (కావలి తూర్పు వైపు పల్లె నుండి)

మా ఇల్లు సముద్రానికి దగ్గరలో, ఇసుక నేలలో ఉంది. పెరటికి తూర్పు హద్దులో 60 అడుగుల పొడవున ఇంతకాలం తాటాకు దడి కట్టించుకుంటూ వచ్చాము. దడి కట్టే మనుషులు ఇప్పుడు దొరకడం లేదు కనుక, దాని స్థానంలో 5 అడుగుల ఎత్తు చెక్క కంచె వేయించాలని అనుకుంటున్నాము. ప్రహరీ కడితే సాయంత్రం వచ్చే సముద్రపు గాలి ఆగిపోతుందని ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. సరుగుడు రాటలు పాతి, వాటికి పలకలను సందు లేకుండా కొడితే సరిపోతుందని ఒక మేస్త్రి చెప్పారు. రాటలకు టేకు తప్ప మరేదీ పనికిరాదని మరొకరు అన్నారు. వీరిలో ఎవరి మాట సరైనదో, పలకలు నిలువుగా ఉండాలో అడ్డంగా ఉండాలో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు. పెరట్లో మంచినీటి బావి ఉంది, వీధిలో మేకలు తిరుగుతుంటాయి.

సమాధానం 1 (ఒంగోలు, వడ్రంగం వృత్తి)

అయ్యా, మీరు పలకల గురించి ఎక్కువగా ఆలోచిస్తున్నట్లున్నారు, కానీ కంచె ఆయుష్షును తేల్చేది రాట నేలలోకి దిగే చోటు. మట్టికి కాస్త పైన, కాస్త కింద ఉండే ఆ జానెడు భాగానికి తేమా గాలీ రెండూ అందుతాయి కనుక కుళ్లు అక్కడే మొదలవుతుంది. చెదలు కూడా అక్కడినుండే పైకి ఎక్కుతాయి. సరుగుడు పరంజాకు, పందిరికి మంచి కర్రే అయినా, మట్టిలో పాతితే ఎక్కువ కాలం నిలవదు. మన తీరమంతా సరుగుడు తోటలు ఉన్నందువల్ల అది చవకగా దొరుకుతుంది, అందుకే మేస్త్రీలు ముందుగా దాని పేరే చెబుతారు.

టేకు అన్న మాటను కూడా పూర్తిగా నమ్మవద్దు. టేకులో నిలిచేది చేవ, అంటే లోపలి ముదురు రంగు గట్టి కర్ర మాత్రమే. లేత చెట్టు నుండి కోసిన రాటలో బయటి తెల్ల చెక్క ఎక్కువగా ఉంటుంది, దానిని చెదలు మామూలు కర్రను తిన్నట్లే తింటాయి. అడితిలో రాట కొనేటప్పుడు కోసిన చివరను చూసి, ముదురు రంగు భాగం ఎంత ఉందో గమనించండి. ముదురు తాటి చెట్టు నుండి తీసిన చేవ కూడా గట్టి రాట అవుతుంది; కాకపోతే లోపలి మెత్తని భాగాన్ని పూర్తిగా చెక్కించాలి.

ఏ కర్ర వేసినా రాట పొడవులో మూడో వంతు నేలలో ఉండాలి. 5 అడుగుల ఎత్తుకు ఏడున్నర అడుగుల రాట తీసుకుని రెండున్నర అడుగులు పాతించండి. గుంత అడుగున కంకర పోసి, రాట మొదలు ఆ కంకర మీద ఆనేటట్లు నిలిపి, చుట్టూ మాత్రమే కాంక్రీటు వేయాలి. అడుగున కూడా కాంక్రీటు పోస్తే వాన నీరు బయటికి పోయే దారి లేక రాట నీటిలో నానుతూ ఉంటుంది. పైభాగాన్ని నేలకన్నా కొంచెం ఎత్తుగా, బయటికి వాలుగా దిద్దించండి. రాటల మధ్య 6 అడుగుల ఎడం చాలు, మీ పొడవుకు 11 రాటలు వస్తాయి.

సమాధానం 2 (చీమకుర్తి వైపు నుండి)

పై సమాధానంలో చెప్పిన జాగ్రత్తలన్నీ సరైనవే అయినా, అంత శ్రమపడి కర్రనే నేలలో పాతవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. మా వైపు పొలాలకు రాతి కూసాలు (రాతి స్తంభాలు) పాతడం మామూలు విషయం, రాయికి చెదలు పట్టవు. కూసాలను పాతి, వాటికి రంధ్రాలు వేయించి అడ్డకర్రలను బోల్టులతో బిగిస్తే, చెక్క అంతా నేలకు పైనే ఉంటుంది. ఎప్పుడో ఒక అడ్డకర్ర పాడైనా బోల్టు విప్పి దానిని మాత్రమే మార్చుకోవచ్చు.

రంధ్రం కూసం అంచుకు రెండు అంగుళాల లోపల పడకుండా చూడండి, లేకపోతే రాయి చీలుతుంది. బోల్టును మరీ బిగించకుండా కింద పెద్ద వాషరు వేయించండి. రాయికి ఉన్న లోపం ఒక్కటే: అది వంగదు, ట్రాక్టరు తగిలితే విరుగుతుంది. అందువల్ల బండ్లు తిరిగే మూలలో మాత్రం లావైన కూసం వేయించండి.

ఇదే పని ఒంగోలు నల్లరేగడిలో చేయించేవారు గుంతలో తవ్విన మట్టినే తిరిగి పోయకూడదు. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి కూసాన్ని పక్కకు వంచుతుంది. గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించడం మంచిది. కావలి ఇసుకలో ఆ బాధ లేదు, కానీ ఇసుక పట్టు ఇవ్వదు కనుక అక్కడ కాంక్రీటు తప్పదు.

సమాధానం 3 (వాకాడు నుండి)

సందు లేని పలకల ఆలోచనను విరమించుకోండి. అలాంటి కంచె తుపాను గాలికి తెరచాపలా నిలబడుతుంది, ఆ భారమంతా రాట మొదటి మీద పడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరం పక్కగా వెళ్లి బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వీచిన గాలులు మీకు గుర్తుండే ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో మనకు అలాంటి గాలులు ఎప్పుడైనా రావచ్చు. పలకకూ పలకకూ మధ్య అంగుళం సందు ఉంచితే గాలి దాటిపోతుంది, ప్రహరీ వద్దనుకున్న మీ కారణానికి కూడా అదే తగినది.

ప్రశ్న అడిగినవారు

రాతి కూసాలే వేయించాలని నిర్ణయించుకున్నాము. అయితే సందులు ఉంటే పెరడు బయటికి కనిపిస్తుందని మా అమ్మగారి అభ్యంతరం. మేస్త్రి పలకలకు కాలిన ఇంజిన్ ఆయిల్ పూయమంటున్నారు, అది మంచిదేనా?

సమాధానం 1 (ఒంగోలు)

కూసాల విషయంలో చీమకుర్తి వారి సలహాకే నా ఓటు కూడా. అమ్మగారి అభ్యంతరానికి ఒక మార్గం ఉంది. అడ్డకర్రకు ఒక పలకను ఇవతలి వైపు, తరువాతి దానిని అవతలి వైపు, అంచులు అంగుళం మేర ఒకదానిపై ఒకటి వచ్చేటట్లు నిలువుగా కొట్టించండి. ఎదురుగా నిలబడినవారికి లోపల ఏమీ కనిపించదు, గాలి మాత్రం పక్కలనుండి దూరి పోతుంది. పలకలు కొంచెం ఎక్కువ పడతాయి, కానీ రెండు వైపులా ఒకేలా ఉంటుంది కనుక పక్కింటివారికీ పేచీ ఉండదు. అడ్డంగా కొట్టిస్తే ప్రతి అంచు మీదా నీరు నిలుస్తుంది, పైగా మేకలు వాటి మీద కాళ్లు మోపి లోపలికి తొంగిచూస్తాయి.

బావి ఉన్న పెరట్లో కాలిన ఆయిల్ వద్దు. వానకు కారి ఇసుకలో తేలికగా ఇంకుతుంది. అవిసె నూనె పూయించండి. పడవలకు పూసే జీడి పెంకు నూనె కూడా బాగా పనిచేస్తుంది, కానీ చేతులకు తగిలితే బొబ్బలు వస్తాయి కనుక పనివారికి తొడుగులు ఇవ్వాలి. ఏ నూనె అయినా పలకల కోసిన చివరలకు రెండు మూడు సార్లు పట్టించండి, కర్ర నీటిని ఎక్కువగా పీల్చేది అక్కడే. పలకల అడుగు నేలకు రెండు అంగుళాల పైన ఉండాలి. సరుగుడును అడ్డకర్రలకు వాడుకోవచ్చు, బెరడు పూర్తిగా తీయించి ఆరిన తరువాతే బిగించండి.

మేకుల దగ్గర పొదుపు చేయవద్దు. ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, టేకులో అయితే దాని చుట్టూ నల్లని మరకలు కూడా వస్తాయి. బోల్టులు వేడి జింకులో ముంచి తీసినవో, స్టెయిన్‌లెస్ స్టీలువో తీసుకోండి. కూసాలు పాతే ముందు పక్కింటివారిని పిలిచి, వారి ఎదుటే హద్దుకు తాడు పట్టించండి.